ఎర్రమట్టి ఊరికి ఏ ఫిల్టరు?

ఫోన్లో ఒక్క మీట నొక్కితే చాలు, ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద గోవా సాయంత్రం దిగిపోతోంది. రైల్వే క్వార్టరు గోడ సినిమా పోస్టరైపోతోంది. ఫొటోకి హంగులద్దే మోజు కొత్తదేం కాదు, ఫొటో పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. కానీ ఇప్పుడు అందరూ అద్దుతున్నది ఒకే హంగు. అందులో ఊరి మొహం ఊరికి మిగలాలంటే ఏం చెయ్యాలి? తరాలుగా తెలుగువాళ్లు కాపురముంటున్న రైల్వే ఊరి నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.

ఖరగ్‌పూర్ స్టేషన్లో 1,072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం ఉంది. ఒకప్పుడు ప్రపంచంలో అంత పొడవైనది మరొకటి లేదు. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో దాన్ని దాటేసింది, 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో ఆ రెంటినీ దాటేసింది. రికార్డు పోయినా ఫొటోలు తీసేవాళ్లకి ఆ ప్లాట్‌ఫారం మీద మోజు తగ్గలేదు. ఒక కొసన నిలబడి ఫోను ఎత్తితే పైకప్పు అంచు, పట్టాలు, ప్లాట్‌ఫారం అంచు అన్నీ దూరాన ఒకే చుక్కలోకి పరుగెడతాయి. కెమెరా ఎంత చవకదైనా ఆ గీతలే సగం ఫొటో తీసిపెడతాయి.

మిగతా సగం ఇంటికొచ్చాక మొదలవుతుంది. ఎడిట్ కొట్టకుండా ఫొటో స్టేటస్‌లో పెట్టడమంటే తల దువ్వుకోకుండా పెళ్లికెళ్లినట్టే ఇప్పటి కుర్రకారుకి. నీడలకు నీలిపచ్చ, మొహాలకు నారింజ, ఆకాశానికి కాస్త ఊదా. అదంతా ముందే కలిపిపెట్టిన ప్రీసెట్ రూపంలో దొరుకుతుంది. అదే ప్రీసెట్ అరకు లోయ మీద పడుతుంది, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద పడుతుంది, డల్లాస్‌లో ఉన్న మేనత్త కొడుకు ఇంటి పెరటి మీదా పడుతుంది. చివరికి అన్ని ఊళ్లలోనూ ఒకే పొద్దు వాలుతున్నట్టుంటుంది.

ఫొటోకి శైలి తేవడం తప్పు కాదు. అది కళే. అయితే ఆ కళ ఎక్కడెక్కడ పెరిగిందో వెతుక్కుంటూ పోతే ఒక సంగతి మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. మంచి శైలి ఎప్పుడూ ఏదో ఒకటి వదులుకుని పుట్టింది. ఒకరు రంగుల్ని వదిలారు, ఒకరు నీడల్ని వదిలారు, మరొకరు గీతల్ని కరిగించారు. ఏం వదలాలో ఎవరు తేల్చారన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్న అడగడానికి ఖరగ్‌పూర్ కంటే మంచి ఊరు దొరకదు.

ఊరి రంగులు ఏవి?

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఈ భాగమంతా లాటరైట్ నేల. వానకు తడిస్తే ముదురు ఎరుపు, ఎండకు ఆరితే ఇటుకపొడి రంగు. దాని మీద సాల చెట్ల పచ్చదనం. పాత రైల్వే కట్టడాల ఎర్ర ఇటుక, పట్టాల కింద కంకర మీద పేరుకున్న తుప్పు రంగు, వర్క్‌షాపు ఇనుము నలుపు. ఎరుపు, దానికి ఎదురుగా నిలిచే ఆకుపచ్చ, మధ్యలో ఇనుము. ఇవే ఈ ఊరి రంగులు.

ఈ రంగుల మధ్యకి తెలుగువాళ్లని తీసుకొచ్చింది రైలే. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, మనవాళ్ల నోట్లో బీఎన్నార్, ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా చేసుకుని పెద్ద వర్క్‌షాపు పెట్టింది. ఇటు హౌరా, అటు వాల్తేరు దాకా ఆ కంపెనీ పట్టాలే. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి పనికోసం రైలెక్కినవాళ్లు ఇక్కడ దిగి ఇక్కడివాళ్లే అయ్యారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడ్డాకా ఆ రాకపోకలు ఆగలేదు. మథురాకాటి, నిమ్‌పురా, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ వీధుల్లో, గోల్‌బజార్ అంగళ్లలో ఇవాళ్టికీ తెలుగు వినపడుతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా మొదట వచ్చిన ఊరి పేరు ఇదే.

ఇప్పుడు ఆ నీలిపచ్చ–నారింజ ప్రీసెట్ ఈ ఊరి ఫొటో మీద వేసి చూడండి. అది ఎరుపును నారింజ వైపు నెడుతుంది. ఆకుపచ్చను నీలం వైపు లాగుతుంది. మనిషి చర్మం నారింజ ఛాయకు దగ్గరగా ఉంటుంది కాబట్టి, దానికి ఎదురు రంగైన నీలిపచ్చను వెనకాల పెడితే మొహం ముందుకొస్తుంది. సినిమావాళ్లు ఈ చిట్కా వాడేది అందుకే. కానీ లాటరైట్ నేల చర్మం కాదు. నారింజకు మారిన మరుక్షణం అది ఎడారి ఇసుక అవుతుంది. సాల ఆకులు సముద్రపు పాచిలా మారతాయి. మేదినీపూర్ కాస్తా రాజస్థాన్ అయి కూర్చుంటుంది.

తెలిసి చేస్తే అదే పని అద్భుతమవుతుంది. 2000లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' చిత్రీకరణ సమయంలో మిసిసిపీ పొలాలన్నీ పచ్చగా కళకళలాడుతున్నాయి. కథకు కావలసిందేమో 1930ల కరవు కాలపు దుమ్ము రంగు. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ సినిమా మొత్తాన్ని డిజిటల్‌లోకి ఎక్కించి ఆకుపచ్చను ఎండుగడ్డి రంగులోకి మార్చారు. పూర్తి సినిమాకు అలా రంగులు దిద్దిన తొలి చిత్రాల్లో అదొకటి. అక్కడ పచ్చదనాన్ని వదిలేయమని చెప్పింది కథ. మన ఫోన్లో చెబుతున్నది ఎవరో ముక్కూ మొహం తెలియని ప్రీసెట్ వ్యాపారి.

చీకటి గది నాటి నుంచే

ఫొటో అంటే ఒకప్పుడు నిజం, ఇప్పుడే అబద్ధమైపోయింది అనేవాళ్లున్నారు. చరిత్ర వేరే మాట చెబుతుంది. 1857లోనే ఆస్కార్ రెయ్‌లాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే పెద్ద బొమ్మగా అచ్చుతీశాడు. దాని ప్రతిని విక్టోరియా రాణి కొనుక్కుంది. సెపియా రంగు కోసం ప్రింటులోని వెండిని సిల్వర్ సల్ఫైడుగా మార్చేవారు. అందం కోసమే కాదు, అలా మార్చిన ప్రింటు ఎక్కువ కాలం నిలుస్తుంది కూడా. ఇప్పుడు 'పాత లుక్' అని మనం నొక్కే మీట ఒకప్పుడు ఫొటోను చిరంజీవిని చేసే మందు.

మన దేశంలో నలుపు తెలుపు ఫొటో మీద కుంచెతో రంగులద్దడం పంతొమ్మిదో శతాబ్దంలోనే వేళ్లూనుకుంది. అప్పట్లో హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపారు. దేశమంతటా స్టూడియోల్లో చిత్రకారుల కొలువూ ఉండేది. నెగటివ్ మీద సన్నని పెన్సిలుతో మచ్చలు మాయం చెయ్యడం, పెదవులకు ఎరుపు, చీర అంచుకు బంగారు పూత వెయ్యడం వాళ్ల పని. మన ఇళ్లలో దండ వేసి గోడకు తగిలించిన తాతల ఫొటోల్లో చాలావాటికి ఆ కుంచె తగిలినదే. చీకటి గదిలో ఎన్‌లార్జరు కింద చెయ్యి అడ్డుపెట్టి కొన్ని చోట్ల వెలుగు తగ్గించడం, కొన్ని చోట్ల ఎక్కువసేపు కాల్చడం ప్రతి పనివాడికీ తెలిసిన విద్య. డాడ్జ్, బర్న్ అనే ఆ రెండు పేర్లూ ఫొటోషాప్‌లో అలాగే ఉండిపోయాయి.

ఫొటోను చిత్రంలా మలచడంలో మనవాళ్లకు దారి చూపినవారు బండి రాజన్‌బాబు. కోరుట్లలో పుట్టి, పిక్టోరియల్ శైలితో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్ అందుకుని, హైదరాబాద్‌లో ఫొటోగ్రఫీ బడి నడిపిన ఆయన 2011లో కన్నుమూశారు. వెలుగునీ గీతనీ ఉంచుకుని తక్కిందంతా నలుపులో ముంచెయ్యడం ఏమిటో ఆయన ఫొటోలు చూస్తే తెలుస్తుంది.

తర్వాత చీకటి గది తెరలోకి వచ్చేసింది. అమెరికాలో థామస్ నాల్, జాన్ నాల్ అన్నదమ్ములు రాసిన ఫొటోషాప్ 1990 ఫిబ్రవరిలో బజారుకొచ్చింది. 1994లో వచ్చిన మూడో వెర్షన్‌లో లేయర్లు చేరాయి. పెళ్లి స్టూడియోల్లో కరిజ్మా ఆల్బమ్‌లు, వీధి చివర ఫ్లెక్సీలు అన్నీ ఆ లేయర్ల బిడ్డలే. 2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ వచ్చి, ఫిల్ములో రసాయనాలు తారుమారైతే వచ్చే వింత రంగుల్ని ఒక్క మీటలో పెట్టింది. అప్పటిదాకా ఎడిటింగ్ అంటే స్టూడియో అన్న పని. ఆ తర్వాత అందరి పని.

స్లైడరు వెనక లెక్క

స్లైడరు ఇటు జరిపితే వెలుగు, అటు జరిపితే చీకటి. వెనకాల జరిగేది కూడికలూ గుణింతాలూ. మామూలు డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. మూడూ కలిస్తే 1,67,77,216 రంగులు. కర్వ్ అంటే ఆ అంకెల్ని పాతవాటి నుంచి కొత్తవాటికి మార్చే పట్టిక. పోస్టరైజ్ అంటే ఆ 256 మెట్లను నాలుగైదుకు కుదించడం. నునుపైన నీడలు పోయి రంగు పలకలు మిగులుతాయి.

కార్టూన్ లుక్‌కి మరో రెండు పనిముట్లు కావాలి. ఒకటి అంచులు పసిగట్టేది, ఆ పద్ధతుల్లో పేరున్నది జాన్ క్యానీ 1986లో చెప్పినది. రెండోది, అంచుల్ని చెడగొట్టకుండా మధ్య భాగాన్ని మాత్రమే నునుపు చేసే బైలేటరల్ ఫిల్టరు. తొమాసీ, మండుచి 1998లో దాన్ని వివరించారు. నునుపు చేసిన బొమ్మ మీద నల్లని అంచులు గీస్తే మొహం బొమ్మల పుస్తకంలోంచి లేచొచ్చినట్టు ఉంటుంది. ఫోన్ యాప్‌లు సెకనులో చేసే పని అదే.

ఈ లెక్కల్ని దేశమంతటికీ నేర్పిన పాఠాలు కూడా ఖరగ్‌పూర్ నుంచే వెళ్లాయి. 1951లో, బ్రిటిష్‌వాళ్లు స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరం కట్టడంలో మొదలైన మన తొలి ఐఐటీ ఇక్కడిది. అక్కడి ఆచార్యులు ప్రబీర్ కుమార్ బిశ్వాస్ ఎన్‌పీటీఈఎల్ కోసం చెప్పిన డిజిటల్ ఇమేజ్ ప్రాసెసింగ్ పాఠాలు ఇంజినీరింగ్ పిల్లలకి సుపరిచితం. గోల్‌బజారు కుర్రాడు వేలితో జరిపే స్లైడరు వెనకున్న గణితం, అదే ఊళ్లో నల్లబల్ల మీద విడమరిచిన గణితమే.

అదే ఐఐటీలో దీపావళి రాత్రి హాస్టళ్ల మధ్య 'ఇల్లూ' పోటీ జరుగుతుంది. వెదురు దడుల మీద వేల ప్రమిదలు అమర్చి పురాణ ఘట్టాలు, మనుషుల రూపాలు వెలిగిస్తారు. ప్రమిద ఉన్నచోట వెలుగు, లేనిచోట చీకటి, మధ్యరకం ఏదీ లేదు. 256 మెట్లు రెండుకు తగ్గిపోయినా దూరం నుంచి చూసినవాడు బొమ్మని గుర్తుపడతాడు. తక్కిన 254 మెట్లనీ చూసే కన్ను పూరించుకుంటుంది. శైలి పనిచేసేది ఈ నమ్మకం మీదే.

పొరుగూరి పటం, మనూరి పటం

ఖరగ్‌పూర్‌కి దగ్గర్లోనే, ఇదే జిల్లా పింగ్లా బ్లాకులో నయా అనే ఊరుంది. ఇంటిపేరే చిత్రకర్ అయిన పటువాల ఊరది. పొడవాటి పటం గీసి, దాన్ని ఒక్కో గడే విప్పుతూ కథ పాడి వినిపించడం వాళ్ల వృత్తి. వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు, పాడేది రామాయణం, మనసా దేవి కథలు కూడా. శంఖుపూల నుంచి నీలం, పసుపు కొమ్ము నుంచి పసుపు, చిక్కుడాకుల నుంచి ఆకుపచ్చ, దీపపు మసి నుంచి నలుపు, పట్టు కోసం మారేడు జిగురు. ఏటా అక్కడ జరిగే పటాల పండగకి దూరాల నుంచి జనం వస్తారు.

తెలంగాణ పాఠకులకి వెంటనే చేర్యాల గుర్తొస్తుంది. నకాషీ చిత్రకారులు గీసిన పటం చూపిస్తూ కులకథలు చెప్పే ఆచారం మనదీ. చేర్యాల పటంలో వెనకంతా ఎరుపు. నయా పటంలో బలమైన నల్ల గీత. రెండింటిలోనూ నీడలు లేవు, దూరాన ఉన్నది చిన్నగా కనిపించాలన్న పట్టింపూ లేదు. ముఖ్యమైనవాడు పెద్దగా ఉంటాడు, అంతే.

రైల్వే క్వార్టరు ముందు కూర్చున్న అవ్వ ఫొటోకి శైలి కావాలంటే జపాన్ కార్టూన్ల దాకా పోనక్కర్లేదన్నమాట. రంగుల మెట్లు ఐదుకు తగ్గించి, అంచులకు మందపాటి నలుపిచ్చి, వెనకున్న వైర్లూ మోటారుసైకిలూ చెరిపేసి ఆ జాగా అంతా లాటరైట్ ఎరుపుతో నింపితే చేర్యాలా నయా రెండూ కలిసిన బొమ్మ వస్తుంది. రెండు భాషల మధ్య బతుకుతున్న ఊరికి అంతకంటే సొంతమైన లుక్ ఏముంటుంది?

ఇంకో దారీ ఉంది, నెమ్మదైన దారి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అవనీంద్రనాథ్ టాగూర్ జపాన్ చిత్రకారుల నుంచి మెలకువలు అందుకుని వాష్ పద్ధతిని బెంగాల్‌లో పాదుకొల్పారు. రంగు వేసి, నీళ్లతో తడిపి, మళ్లీ రంగు వేసి, బొమ్మంతా ఒక పల్చని పొగలో ఉన్నట్టు తేల్చడం ఆ పద్ధతి. బెంగాలీ చిత్రకారుడు ప్రమోద్‌కుమార్ ఛటర్జీ మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలకి వచ్చి ఆ గాలిని మనకి తెచ్చారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. ఆ తర్వాతి తరంలో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య చందమామ, యువ ముఖచిత్రాలతో మెత్తని నీటిరంగుల వెలుగును తెలుగిళ్లకు చేర్చారు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో ఎందరో ఆయన పుట్టిన జిల్లా నుంచి వచ్చినవాళ్లే.

ఫొటోలో ఆ మెత్తదనానికి దగ్గర దారి ఆర్టన్ ఎఫెక్ట్. కెనడా ఫొటోగ్రాఫరు మైకేల్ ఆర్టన్ 1980లలో ఒకే దృశ్యాన్ని రెండు స్లైడులుగా తీసి, ఒకటి స్పష్టంగా, ఒకటి మసకగా, ఒకదాని మీద ఒకటి పెట్టేవాడు. గీత నిలబడుతుంది, వెలుగు దాని చుట్టూ కరుగుతుంది. జనవరి పొద్దున్న మంచులో నిమ్‌పురా యార్డు వైపు తీసిన ఫొటో మీద ఇది తగుమాత్రంగా వేస్తే పాత ముఖచిత్రాల వెలుగు లీలగా వస్తుంది. మిట్టమధ్యాహ్నపు మే నెల ఫొటో మీద వేస్తే లెన్సు తుడవలేదేమో అనిపిస్తుంది. అంటే శైలికి కాలం కూడా కుదరాలి.

మీట నొక్కితే మొహం మారింది

2015లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో గాటిస్, ఎకర్, బెట్గే అనే ముగ్గురు ఒక పరిశోధన వెలువరించారు. ఒక ఫొటోలోని విషయాన్నీ, మరో చిత్రంలోని శైలినీ కృత్రిమ నాడీజాలంతో విడదీసి, రెంటినీ కలిపి కొత్త బొమ్మ చెయ్యొచ్చని చూపించారు. మరుసటేడాది ప్రిస్మా యాప్ దాన్ని ఫోన్లలోకి తెచ్చింది. 2025 మార్చిలో చాట్‌జీపీటీతో జపాన్ యానిమేషన్ స్టూడియో జిబ్లీ తరహా బొమ్మలు వెల్లువెత్తాయి. సెప్టెంబరులో గూగుల్ పనిముట్టు నానో బనానాతో పాత సినిమా నాయికల్లా షిఫాన్ చీరల ఫొటోలు వచ్చాయి. ఆ రోజుల్లో వాట్సాప్ డీపీల్లో పిన్నులూ వదినలూ అందరూ ఒకే చీర కట్టుకున్నారు.

ఇక్కడ గమనించాల్సిన తేడా ఒకటుంది. పోస్టరైజ్, కర్వ్, ఆర్టన్ లాంటివి ఉన్న ఫొటోలోంచి కొంత వదులుతాయి, ఉన్నదాన్నే మలుస్తాయి. కొత్త పనిముట్లు మీ ఫొటోను చూసి మరో బొమ్మ గీస్తాయి. ముక్కు అదే కాదు, కళ్ల కింద గుంట అదే కాదు. మీ క్వార్టరు కిటికీ చువ్వలు మరెవరి కిటికీవో అవుతాయి. సరదాకి బావుంటుంది. తమాషా చిత్రం అని చెప్పి పంపితే చిక్కేం లేదు. దాన్నే ఆల్బమ్‌లో దాచుకుంటేనే చిక్కు.

పాత ఆల్బమ్ జోలికి వెళ్లేముందు

రంగులు పూయడంలో ఆ చిక్కు ఇంకా ముదురుతుంది. తాతగారి నలుపు తెలుపు ఫొటో ఇస్తే ఏఐ యాప్ నిమిషంలో రంగుల ఫొటో చేసిస్తుంది. ఆ రంగులు ఎక్కడివి? ఊహ. లక్షల ఫొటోలు చూసి, ఇలాంటి చోట ఇలాంటి రంగుండొచ్చని యంత్రం వేసిన అంచనా.

ఖరగ్‌పూర్‌లో ఆ అంచనా ఎలా తప్పుతుందో చెప్పడం తేలిక. తాతగారు 1970లలో రైలుపెట్టె పక్కన నిలబడి దిగిన ఫొటో అనుకుందాం. యంత్రం ఆ పెట్టెకు నీలం పూయొచ్చు, ఎందుకంటే మన రైలు ఫొటోల్లో నీలం పెట్టెలే ఎక్కువ. కానీ సాధారణ ఎక్స్‌ప్రెస్ పెట్టెలు నీలానికి మారింది 1990లలో. అంతకుముందు అవి ముదురు ఎరుపు. వర్క్‌షాపులో పనిచేసిన మనిషికి ఆ రంగు జీవితం. మనవడి ఫోన్లో అది ఒక్క క్షణంలో అబద్ధమైపోతుంది. పదేళ్ల తర్వాత ఆ నీలం పెట్టే నిజమని అందరూ నమ్ముతారు, కాదని చెప్పే పెద్దలు అప్పటికి ఉండరు.

రంగులద్దొద్దని కాదు. ముందు పెద్దల్ని అడగండి. "పెద్దమ్మా, ఈ చీర ఏ రంగు? ఈ గోడకి అప్పట్లో సున్నమా, రంగా?" అని అడిగితే రంగుతోపాటు నాలుగు కథలూ దొరుకుతాయి. ప్రింటును 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేసి, ఆ ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలు మీద మాత్రమే చేతులు పెట్టండి. వెనకవైపు రాసిన చేతిరాతనూ స్కాన్ చెయ్యండి. ఫైలు పేరులో 'రంగు వేసినది' అని రాసి ఉంచండి. పోస్టరైజ్‌లో పోయిన నీడలైనా, యంత్రం మార్చేసిన మొహమైనా, అసలు ఫైలు లేకపోతే తిరిగి రావు.

గీత ఎక్కడ గియ్యాలి?

స్టూడియోల్లో ఎక్కువగా వినపడే కోరిక ఏదంటే "మొహం కొంచెం తెల్లగా చెయ్యన్నా". ఇది శైలి ముసుగులో వస్తున్న పాత జబ్బు. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో ఫిల్ము ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి తెల్లజాతి అమ్మాయిల బొమ్మలున్న 'షర్లీ కార్డులు' వాడేవి, నల్లని మొహాలు సరిగ్గా రాకపోవడానికి అదో కారణం. ఇవాళ్టి బ్యూటీ ఫిల్టర్లలో ఆ ధోరణి ఇంకా ఉంది. నల్లని చర్మం మీద వెలుగు పడే తీరు వేరు, చెంప మీద చిన్న మెరుపు అక్కడ ఎంతో చెబుతుంది. చర్మపు రంగును ముట్టుకోకుండా ఆ మెరుపును మాత్రం కాస్త పైకి లేపితే చాలు, పెళ్లికూతురు తనలాగే ఉండి అందంగా ఉంటుంది.

వార్తాచిత్రానికి వేరే కట్టుబాట్లున్నాయి. 2006లో బీరూట్ పొగని ఫొటోషాప్‌లో పెంచిన ఫొటోని రాయిటర్స్ వెనక్కి తీసుకుంది. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి రౌండుకు ముందు దశకొచ్చిన ఫొటోల్లో ఇంచుమించు ఐదో వంతు, మార్పులు చేశారన్న కారణంతో పక్కకెళ్లిపోయాయి. ఫొటో పోటీలకి పంపేవాళ్లు నేచర్, ట్రావెల్, జర్నలిజం విభాగాల్లో చేర్పులూ తీసివేతలూ ఒప్పుకోరని గుర్తుంచుకోవాలి. హంగులన్నిటికీ ఓపెన్ విభాగం ఉండనే ఉంది.

రైల్వే ఊళ్లో ఇంకో గీత ఉంది, అది ఇనుప గీత. ప్రీవెడ్డింగ్ షూట్ కోసం పట్టాల మీదికి దిగితే రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షను ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఏ ఎడిట్ అయినా తర్వాత చేసుకోవచ్చు. పట్టాలూ జంటా కలిసిన బొమ్మే కావాలంటే రెండు ఫొటోలు వేరువేరుగా తీసి కలపండి. లేయర్లు పుట్టింది అందుకే.

మీరూ చేసి చూడండి

నలుపు తెలుపులో ఎర్రమట్టి: మామూలుగా నలుపు తెలుపు చేస్తే లెక్కలో ఆకుపచ్చకి 58.7 శాతం, ఎరుపుకి 29.9, నీలానికి 11.4 శాతం బరువుంటుంది. అందువల్ల మట్టీ ఆకులూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. చానెల్ మిక్సరులో ఎరుపు పెంచి మిగతావి తగ్గిస్తే నేల తెల్లగా వెలుగుతుంది, చెట్లు నల్లబడతాయి. ఆకుపచ్చ పెంచితే తారుమారు. రెండూ చేసి చూసి మీకు నచ్చింది ఉంచుకోండి.

బొమ్మల ఊరు: కాలివంతెన మీది నుంచి కిందికి చూస్తూ తీసిన ఫొటోకి పైనా కిందా మసక ఇచ్చి మధ్య పట్టీ స్పష్టంగా వదలండి, రంగులు కాస్త పెంచండి. ప్లాట్‌ఫారం మీది జనం ఆటబొమ్మల్లా కనిపిస్తారు. పక్క నుంచి తీసిన ఫొటోకి ఇది నప్పదు, ఎత్తు కావాలి.

పటం లుక్: ముందు నునుపు, తర్వాత ఐదు మెట్లకు పోస్టరైజ్, చివర నల్లని అంచు. వరస మారిస్తే బొమ్మంతా చుక్కలు చుక్కలవుతుంది. డబ్బు పెట్టకుండా చెయ్యాలంటే కంప్యూటర్లో గింప్ ఉంది, 1996 నుంచీ ఉచితం. ఫోన్లో మామూలు దిద్దుబాట్లకు స్నాప్‌సీడ్ చాలు.

సొంత ప్రీసెట్: వాన వెలిసిన సాయంత్రం ఊరి నేలను ఎండ నేరుగా పడని చోట ఫొటో తియ్యండి. ఫోన్ ఫొటోలో నేల కంటికి కనిపించినట్టు వచ్చేదాకా ఎరుపు ఛాయ, గాఢత సరిచెయ్యండి. సాల ఆకుకీ అలాగే. ఆ అమరికని భద్రపరచుకోండి. ఇక మీదట ఏ హంగు వెయ్యాలన్నా దీని మీద వెయ్యండి.

ఆ చివరిది ఒక్కరు చేసుకుని ఊరుకునే పని కాదు. ఖరగ్‌పూర్‌లో తెలుగు సంఘాలున్నాయి, పండగలకి ఫ్లెక్సీలు కట్టే కుర్రాళ్లున్నారు, ఇమేజ్ ప్రాసెసింగ్ పాఠాలు చెప్పిన ఐఐటీ ఉంది, పటాలు గీసే ఊరు దగ్గర్లోనే ఉంది. సంక్రాంతికి ముందు ఒక ఆదివారం వీళ్లంతా ఒకచోట కూర్చుంటే ఈ ఊరికంటూ ఒక రంగుల అమరిక తయారవుతుంది. అదే రోజు ఇంటింటి పాత ఆల్బమ్‌లూ స్కానర్ ఎక్కుతాయి. ఆ తర్వాత ఎవరు జిబ్లీ చేసుకున్నా, ఎవరు నారింజ పూసుకున్నా దిగులు లేదు. ఊరి అసలు రంగు ఏదో రాసిపెట్టి ఉంటుంది కాబట్టి, దాన్ని వదిలేవాడు ఏం వదులుతున్నాడో తెలిసే వదులుతాడు.